పదో తరగతి మధ్యలో బడికి వెళ్లనంటున్న అబ్బాయి: ముందు ఏం చూడాలి, తర్వాత ఏ దారి

ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు: "మా బాబుకి పదిహేనేళ్లు, పదో తరగతి. ఏడు దాకా ఊళ్లో బడిలోనే చదివాడు. ఎనిమిదిలో టౌన్‌లో హాస్టల్ ఉన్న ప్రైవేటు స్కూల్లో వేశాం. దసరా సెలవులకు వచ్చినవాడు ఇక వెళ్లనని కూర్చున్నాడు, బయల్దేరమంటే కడుపునొప్పి, వాంతులు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, బోరు మోటారు స్టార్టర్ పాడైతే వాళ్ల నాన్నకి ఎక్కడ తేడా ఉందో చెప్పేది వాడే, పరీక్షలో మాత్రం సగం పేపరు ఖాళీగా ఇచ్చి వస్తాడు. మావారు హాస్టల్‌కైనా పో, మెకానిక్ షెడ్డుకైనా పో అంటున్నారు. మా ఆడపడుచు కొడుకు బీటెక్, ఇంట్లో రోజూ వాడితో పోలికే. ఓపెన్ స్కూల్‌కి విలువ ఉంటుందా? ఐటీఐ అంటే చులకనగా చూడరా? మొన్న 'నేను లేకపోతే మీకే హాయి కదమ్మా' అన్నాడు, అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. హాస్టల్ ఫీజు కోసం అప్పు కూడా చేశాం. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ లాంటి బడికి పంపమని ఎవరో చెప్పారు. మావారితో ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి. వాడి తెలుగు నోట్సు పేజీ ఫొటో పంపుతున్నాను."

అమ్మా, మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే చదువు సంగతి నెల ఆగినా ఏం కాదు, ఈ మాట ఆగేది కాదు. ఈ రోజే బాబు పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా ఏమీ జరగదు, అడిగినవాళ్లు దొరికారన్న ఊరటే ఎక్కువ. అవునన్నా, ఏమీ చెప్పకుండా తల దించుకున్నా, వాణ్ణి ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ఫోన్ లైను, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఇంకొకటి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఎక్కడున్నా ఈ రోజే తాళం పెట్టి తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి, ఇంట్లో ఉన్న మాత్రలు కూడా. మీవారు "అంత దూరం ఎందుకు ఆలోచిస్తావ్" అంటే అననివ్వండి, మీరు మాత్రం ఆ పని చేసేయండి.

ఇక నోట్సు పేజీ. దాన్ని చాలాసేపు చూశాను. దస్తూరీ బాగోలేదనీ శ్రద్ధ లేదనీ టీచరు ఎర్ర ఇంకుతో రాశారు, కానీ తప్పులు ఎక్కడ వచ్చాయో చూడండి. "స్వాతంత్ర్యం" అన్నది "సాతంతం" అయింది, "ప్రత్యేకత" "పతేకత" అయింది. ఒత్తు ఉన్న ప్రతిచోటా ఒత్తు ఎగిరిపోయింది. మూడు చోట్ల ప రాయాల్సిన దగ్గర వ ఉంది. బోర్డు మీద నుంచి ఎక్కించుకున్న పేరాలో ఒక లైను మొత్తం వదిలేసి కింది లైనుకి వెళ్లిపోయాడు, ఆ సంగతి వాడికి తెలిసినట్టు కూడా లేదు. బద్ధకంతో రాసే పిల్లల తప్పులు ఇలా ఒకే తీరులో ఉండవు. నోటితో అన్నీ చెప్పగలిగి, చేతులతో పని చక్కగా పట్టుకుని, చదవడం రాయడం దగ్గరే కూలబడిపోయే పిల్లల్లో డిస్‌లెక్సియా ఉండే అవకాశం ఉంటుంది. ఉందని నేను ఒక పేజీ చూసి చెప్పకూడదు, చెప్పను కూడా. కానీ పరీక్ష చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

ఇది తెలివి తక్కువ కావడం కాదమ్మా. అక్షరాన్ని ధ్వనితో కలిపి గబగబా గుర్తుపట్టే పని మెదడులో నెమ్మదిగా జరుగుతుంది, అంతే. ఊళ్లో బడిలో ఉన్నప్పుడు విన్నది గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చి ఉంటాడు, ఎనిమిది దాకా ఎలాగూ పై తరగతికి పంపేస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం, పొద్దున ఐదింటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, మార్కుల లిస్టు గోడ మీద. మామూలుగా చదివే పిల్లలే ఆ టైమ్‌టేబుల్‌కి అలిసిపోతారు, చదవడమే కష్టమైన పిల్లాడికి అక్కడ రోజుకి పన్నెండు గంటలు ఎలా గడిచి ఉంటాయో ఒకసారి ఆలోచించండి. ఆ కడుపునొప్పి నాటకం కాదు. భయం ఎక్కువైతే పిల్లలకి నిజంగానే కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. డాక్టరుకి ఒకసారి చూపించండి, వేరే జబ్బేమీ లేదంటే మాత్రం "ఊరికే చేస్తున్నాడు" అనే మాట ఇంట్లో ఇక వినపడకూడదు.

పరీక్ష ఎక్కడ చేయిస్తారంటే, జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ అని పిల్లల కోసం ఒక విభాగం ఉంటుంది, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని చూస్తారు, అక్కడ మొదట అడగండి. మీ మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే టీచర్లు ఉంటారు, ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్లకి తెలుస్తుంది. ప్రైవేటుగా అయితే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి, కానీ ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి మరీ వెళ్లండి, ఎందుకంటే ఈ పేరుతో బోర్డు పెట్టుకున్నవాళ్లందరికీ ఆ అర్హత ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ నేర్చుకోవడంలో ఇబ్బందిని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షలో అదనపు సమయం, వాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషి, ఇలాంటి వెసులుబాట్లు హెడ్మాస్టరు ద్వారా ముందుగానే అడగొచ్చు. దివ్యాంగులు అన్న మాట వినగానే మీవారు ఉలిక్కిపడతారేమో, పెళ్లి సంబంధాల దాకా వెళ్లిపోతారేమో. ఆ కాగితం వాడి చేతిలో ఉంటుంది, వాడికి పనికొచ్చిన చోట వాడుకుంటాడు, ఊరంతా పంచేది కాదని నెమ్మదిగా చెప్పండి.

ఇప్పుడు మీరు అడిగిన ఓపెన్ స్కూల్. విలువ ఉంటుంది. మనకి రెండు ఉన్నాయి. ఒకటి మన రాష్ట్రానిది, ఏపీ ఓపెన్ స్కూల్ (తెలంగాణ వాళ్లకి టాస్ అని వేరే ఉంది), రెండోది కేంద్రానిది, ఎన్‌ఐఓఎస్ అంటారు, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ పేరుతో పెట్టారు. రెండింట్లోనూ పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. చేరాక ఐదేళ్ల గడువు ఉంటుంది, ఆ లోపు ఒక్కో సబ్జెక్టూ వీలున్నప్పుడు రాసి పాసవ్వొచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మీ బాబులాంటి పిల్లాడికి ఇదే పెద్ద వరం. ఆరు సబ్జెక్టులు ఒకే నెలలో మీద పడే చోట చేతులెత్తేసినవాడు ఈసారి రెండే రాద్దాం అంటే కూర్చుని చదువుతాడు. ఎన్‌ఐఓఎస్‌లో ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో పరీక్షలుంటాయి, తెలుగు మీడియం కూడా ఉంది. స్టేట్ ఓపెన్ స్కూల్ అయితే స్టడీ సెంటర్ దగ్గర్లో ఉన్న హైస్కూల్లోనే ఉంటుంది, సెలవు రోజుల్లో క్లాసులు చెప్తారు, మీకు అదే తేలిక కావచ్చు. ఆ సర్టిఫికెట్‌తో జూనియర్ కాలేజీలో మామూలుగా ఇంటర్‌లో చేరొచ్చు.

ఒకచోట మాత్రం చాలా కుటుంబాలు దెబ్బతింటున్నాయి, అది చెప్పకుండా వదలను. ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు, సైన్సూ తప్పనిసరి కాదు, భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు, పెయింటింగ్, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ లాంటివి కూడా ఉంటాయి. తేలిగ్గా పాసైపోతాడని ట్యూషన్ వాళ్లు అవే రాయించేస్తారు. తీరా పిల్లాడు ఎలక్ట్రీషియన్ ఐటీఐకి వెళ్తానంటే అక్కడ పదిలో లెక్కలు, సైన్సు అడుగుతారు. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్ అయితే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీదే పరీక్ష. మోటార్ స్టార్టర్ గురించి వాళ్ల నాన్నకి చెప్పే పిల్లాడికి రేపు ఈ రెండింట్లో ఏదో ఒకటి కావాలనిపించే అవకాశం ఎక్కువ, కాబట్టి కష్టమైనా లెక్కలు, సైన్సు రెండూ ఉంచండి, ఆఖర్న రాస్తాడు, గడువు ఉంది కదా. ఇంకో జాగ్రత్త, "మీ అబ్బాయి రాకపోయినా పాస్ చేయిస్తాం" అని డబ్బు అడిగే మనుషులు ఈ ఓపెన్ పరీక్షల చుట్టూ తిరుగుతుంటారు, వాళ్ల జోలికి పోవద్దు. సర్టిఫికెట్ రద్దయితే పోయేది మీ బాబు భవిష్యత్తు.

ఐటీఐ గురించి. మీ ఊళ్లో చులకనగా చూస్తారా అంటే, చూస్తారు, లేదని అబద్ధం చెప్పను. కానీ 2019లో సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు పడ్డప్పుడు పదో తరగతితో పాటు అడిగింది ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్, లేకపోతే అదే లైనులో ఇంటర్ ఒకేషనల్. బీటెక్ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలున్న ఇళ్లలో ఆ సంవత్సరం ఐటీఐ మాట కొత్తగా వినిపించింది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి కూడా ఐటీఐతో అప్లై చేసుకోవచ్చు. అక్కడితో చదువు ఆగిపోతుందనుకోకండి, ఐటీఐ అయ్యాక బ్రిడ్జి కోర్సుతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి ఉంది. మీ ఆడపడుచు కొడుకు చేరిన చోటికే వేరే బస్సులో వెళ్లడం అనుకోండి, వెళ్లాలనిపిస్తే. వెళ్లకపోయినా నష్టం లేదు.

మీవారు అంటున్న షెడ్డు సంగతికి వస్తే, పనిని నేను తక్కువ చేయను, వాడికి ఆ పని ఇష్టం కూడా కావచ్చు. కానీ శిక్షగా పంపిస్తే ఇష్టమైన పని కూడా చేదవుతుంది. పైగా షెడ్డులో ఐదేళ్లు చేసినా చేతికి కాగితం రాదు, అదే పని ఐటీఐలో నేర్చుకుంటే ఎక్కడికి వెళ్లినా చూపించుకునే సర్టిఫికెట్ ఉంటుంది, ఆ తర్వాత అప్రెంటిస్‌గా స్టైపెండ్‌తో చేరొచ్చు. సాయంత్రం పూట తెలిసినవాళ్ల మోటార్ వైండింగ్ షాపులో కాసేపు కూర్చుని చూసి వస్తానంటే పంపండి, కరెంటు, వెల్డింగ్ పనుల్లో మాత్రం వాణ్ణి ఇప్పుడే పెట్టొద్దని వాళ్లకి చెప్పండి. ఆ షాపుకి వెళ్లడాన్ని మార్కులతో ముడిపెట్టి, చదివితేనే పంపుతా అనకండి. వాడికి ఇప్పుడు తల ఎత్తుకుని నిలబడగలిగే చోటు అదొక్కటే.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ లాంటి బడికి పంపమని ఎవరో చెప్పారన్నారు. మంచి బడే, కానీ అలాంటి చోట్ల పిల్లలు చిన్న తరగతుల నుంచే చేరి పెరుగుతారు, పది మధ్యలో ఉన్న మీ బాబుకి అది ఇప్పుడు దారి కాదు, దాని కోసం తిరగకండి.

మీవారితో ఎలా మాట్లాడాలన్నారు. వాడి ముందు వద్దు, మీ ఆడపడుచు ఉన్నప్పుడు అసలే వద్దు. ఆ నోట్సు పేజీ ఆయన చేతికిచ్చి ఒత్తులు ఎక్కడెక్కడ పోయాయో చూపించండి, "మనవాడు చదవట్లేదనుకుంటున్నాం, చదవలేకపోతున్నాడేమో చూపిద్దాం" అనండి, అంతకంటే ఎక్కువ వాదించొద్దు. ఆసుపత్రికి ఆయన్నే తీసుకెళ్లమనండి. డాక్టరు నోటి నుంచి తండ్రి స్వయంగా విన్నది ఇంట్లో పనిచేసినట్టు మనం వచ్చి చెప్పింది పనిచేయదు. ఆయన కోపం వెనక భయమే ఉంది, హాస్టల్ ఫీజు కోసం చేసిన అప్పు కూడా ఉందని మీరే రాశారు, కాబట్టి కట్టిన ఫీజు గురించి ఆయన అడిగితే ఎదురు మాట్లాడకండి. ఆయన అడిగింది న్యాయమే, మిగిలిన టర్మ్ ఫీజు కట్టకుండా ఉండే మార్గం స్కూలు వాళ్లతో మాట్లాడొచ్చు.

చివరిగా, స్కూలు నుంచి ఇప్పుడే టీసీ తీసుకోకండి. హాస్టల్ మాన్పించి, మార్చి పరీక్షలకి వాడి పేరు నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో ఉందా, పరీక్ష ఫీజు కట్టారా, హాజరు సంగతేంటి అని హెడ్మాస్టరుని అడిగి తెలుసుకోండి, డాక్టరు కాగితం ఒక కాపీ ఇవ్వండి. పేరు ఉంటే, వాడు రాస్తానంటే, వచ్చినన్ని సబ్జెక్టులు రాయనివ్వండి, రానివి సప్లిమెంటరీలో చూసుకోవచ్చు. రాయనంటే బలవంతం వద్దు, వచ్చే ఏడాది ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు మొదలయ్యేసరికి మనకి బోలెడు టైముంది. అసెస్‌మెంట్ రిపోర్ట్ చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి, వాడి చదవడం ఏ తరగతి స్థాయిలో ఉందో అందులో ఉంటుంది, అది చూసి ఏ సబ్జెక్టులు ముందు పెట్టాలో అనుకుందాం. అప్పటిదాకా ఎవరు తొందరపెట్టినా ఏ ట్యూషన్‌కీ అడ్వాన్స్ ఇవ్వకండి.