నారింజ కప్పు హోటళ్లు ఏమయ్యాయి?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మీద పెన్సిల్వేనియాలో ఉంటున్నాడు. ఒకప్పుడు అక్కడి హైవేల మీద నారింజ రంగు కప్పున్న హోవర్డ్ జాన్సన్స్ హోటళ్లే ఉండేవట, ఇప్పుడు ఒక్కటీ లేదట. అంత పెద్ద వ్యాపారం ఎలా పోతుందండీ?
- ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, గిరిసోల దగ్గర హైవే హోటల్లో మా మావయ్య తరఫున గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణని ఈ ఉత్తరం నా చేతిలో పెట్టారు. నన్నడిగితే, అలాంటి హోటల్‌ని నిలబెట్టేదీ పడగొట్టేదీ రోడ్డే, వంటవాడు తర్వాత. ఫోర్‌లేన్ వేసి మధ్యలో డివైడర్ కట్టాక మాకు కలకత్తా వైపు వెళ్లే లారీలే మిగిలాయి. విశాఖ వైపు వెళ్లే పాత డ్రైవర్లు అవతల నుంచే హారన్ కొట్టి, చెయ్యూపి వెళ్లిపోయేవారు. చెయ్యూపితే మీల్స్ టోకెన్ తెగుతుందా?

జాన్సన్‌దీ రోడ్డు కథే. 1925లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో చిన్న మందుల షాపు తీసుకుని, అందులోని సోడా కౌంటర్ దగ్గర ఐస్‌క్రీమ్ అమ్మాడు. వెన్న శాతం పెంచి 28 రకాలు చేశాడు. విస్తరించడానికి చేతిలో డబ్బు లేక, 1935లో కేప్ కాడ్‌లోని ఆర్లియన్స్‌లో వేరొకరి పెట్టుబడితో తన పేరున హోటల్ తెరిపించాడు. పేరు, సరుకు ఇతనివి; మిగతా బరువు వాళ్లది. ఇప్పుడు బరంపురంలో కూడా ఫ్రాంచైజీ అంటున్నారే, అదే. కారువాళ్లకు దూరం నుంచే కనబడాలని నారింజ కప్పు.

అసలు అదృష్టం 1940లో పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌తో పట్టింది. టోల్ రోడ్డు, ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు. ఆకలేస్తే దారిలో బండ్లు ఆపుకునే సర్వీస్ ప్లాజాలే గతి, వాటిలో తిండి కాంట్రాక్టు వీళ్లదే. మా మావయ్యకి అలాంటిది దొరికుంటే నూటొక్క కొబ్బరికాయలు కొట్టేవాడు! అదే రోడ్డు యుద్ధంలో దెబ్బ కొట్టింది. పెట్రోలు రేషన్‌తో కార్లు ఆగిపోయి, 1944 నాటికి అన్ని ఊళ్లలో కలిపి 12 హోటళ్లే నడిచాయి. యుద్ధమయ్యాక మళ్లీ లేచి, 1970ల్లో వెయ్యి దాటాయి.

రుచి అన్నిచోట్లా ఒకటే గానీ, మర్యాద కాదు. 1957లో డెలావేర్‌లోని డోవర్ శాఖలో ఘనా ఆర్థికమంత్రి గ్బెడెమా నారింజ రసం అడిగితే, నల్లవాళ్లు ఇక్కడ కూర్చుని తాగకూడదన్నారు. విషయం పేపర్లకెక్కి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలిచి టిఫిన్ పెట్టాల్సొచ్చింది.

ఇక పతనం. 1959లో పగ్గాలందుకున్న కొడుకు ఖర్చు తగ్గించడం మీదే పడ్డాడు. అప్పటికే కొత్త హైవేల దిగుడు దారుల దగ్గర మెక్‌డొనాల్డ్స్ లాంటివి వెలుస్తున్నాయి. నిమిషాల్లో, తక్కువ డబ్బుకి తిండి. తర్వాత టర్న్‌పైక్ ప్లాజాల్లోకి వేరే కంపెనీలూ వచ్చేశాయి. ఇలా దారిమీద పట్టు జారాకే హోటళ్లు చేతులు మారాయి: 1979లో బ్రిటన్‌కి చెందిన ఇంపీరియల్ గ్రూప్, 1985లో మారియట్. మారియట్ చాలావాటి బోర్డు మార్చేసింది. చిట్టచివరిది, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌ది, 2022లో మూతపడింది.

పేరు మాత్రం విండ్‌హామ్ వాళ్ల లాడ్జీల మీద ఇంకా ఉంది. మీ అబ్బాయికి ఆ బోర్డు కనిపిస్తే గది దొరుకుతుంది, ఆ 28 రకాల ఐస్‌క్రీమ్ దొరకదని ముందే చెప్పండి.