బాబెలు: తారుమారా, దేవుని గవినియా?

సందేహం: ఆదికాండములో ‘బాబెలు’ అంటే తారుమారు అని అర్థం వచ్చేటట్లు ఉంది. చరిత్ర పుస్తకాలలో ‘దేవుని ద్వారం’ అని రాస్తున్నారు. ఏది సరి? బాబెలు, బబులోను ఒకే ఊరా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది. ఒకే ఊరు, ఇంగ్లీషులో బాబిలోన్ అనే ప్రాచీన నగరం. హీబ్రూలో అంతటా ఉన్నది ‘బావెల్’ అనే మాటే. మన అనువాదంలో ఆదికాండమున హీబ్రూకు దగ్గరగా బాబెలు అనీ, రాజుల గ్రంథాలలోనూ ప్రవక్తల గ్రంథాలలోనూ గ్రీకు రూపాన్ని అనుసరించి బబులోను అనీ ఉండడంవల్ల తెలుగు చదువరికి ఒక ఊరు రెండు ఊళ్లయింది.

ఇక అర్థం. ఆకాశమంటే గోపురం కట్టబోయినవారి కథ చెప్పే ఆదికాండము 11:9లో యెహోవా అక్కడ భాషను తారుమారు చేసెను గనుక ఆ పేరు వచ్చిందని ఉంది. మూలంలోని క్రియ ‘బాలల్’. దానికి మొదటి అర్థం కలపడం. లేవీయకాండములో నైవేద్యపు గోధుమపిండిలో నూనె కలపడానికి వాడినది ఈ క్రియనే. తారుమారు అంటే ఇక్కడిది అక్కడికీ అక్కడిది ఇక్కడికీ పోవడం కనుక, పులగపు వాసన ఉన్న ‘కలగాపులగం’ అనే మాట మూలానికి ఇంకా దగ్గరగా ఉండేదని నాకు తోస్తుంది. అయితే బాలల్ నుంచి బావెల్ అనే నామం హీబ్రూ వ్యాకరణం ప్రకారం పుట్టదు. లేఖనం చెప్పినది ధ్వనిసామ్యం పట్టుకొని చేసిన నిర్వచనం. కృష్ణ పారడానికి కొండకు బెజ్జం పడింది కనుక బెజవాడ అని మనవారు చెప్పుకొన్నట్టిదే. కథకు అది ప్రాణం. దానిని వ్యుత్పత్తి అనడమే పొరపాటు.

ఆ ఊరివారు మాత్రం తమ ప్రాచీన భాష అయిన అక్కాదులో ఆ పేరును ‘బాబ్-ఇలిమ్’ అని రాసుకున్నారు. ‘ఇలు’ అంటే దేవుడు, హీబ్రూ ‘ఏల్’కు తోబుట్టువు, బేతేలు (దేవుని ఇల్లు) అనే పేరు చివర వినిపించేది ఆ ఏల్ శబ్దమే. ‘బాబ్’ను మీరు ద్వారం అన్నారు. తప్పనను కాని, చాలదు. ఇంటికీ ద్వారమే, గదికీ ద్వారమే. నగరపు కోటగోడకు ఉండే పెద్ద వాకిలికి తెలుగులో ‘గవిని’ అనే మాట ఉన్నది. గవని, గవను అన్నవి దాని రూపాలే. మన బైబిలు అనువాదకులు దానిని ఎంత చక్కగా వాడుకున్నారో చూడండి: లోతు సొదొమ గవినియొద్ద కూర్చుండి ఉన్నాడు, బేతేలులో నిద్ర లేచిన యాకోబు ‘పరలోకపు గవిని ఇదే’ అనుకొన్నాడు. ఆ చోట్ల హీబ్రూ మాట ‘షఅర్’, వేరే ధాతువు; భావం మాత్రం ఒకటే. ఆ దేశాలలో గవిని అంటే రాకపోకల దారి మాత్రమే కాదు, ఊరి పెద్దలు కూర్చొని తగవులు తీర్చే తావు కూడా. దేవుని గవిని అన్నప్పుడు ఆ బరువంతా మాటలోకి వస్తుంది. దేవుని ద్వారం అంటే గుడి తలుపు తోస్తుంది.

ఇంత మంచి మాట ఉండగా, రెండవ నెబుకద్నెజరు నీలిరంగు మెరుగు ఇటుకలతో బబులోనులో కట్టించినదీ, 1930 నుంచి బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో పునర్నిర్మితమై నిలిచినదీ అయిన కట్టడాన్ని మన పత్రికలవారు ‘ఇష్తార్ గేటు’ (ఇష్తార్ ఆ ఊరివారు కొలిచిన దేవత) అని రాస్తున్నారు. గేటు అంటే రైలుదారి దగ్గర పడి లేచేది. ‘ఇష్తారు గవిని’ అనడానికి ఏమి అడ్డు? గవినిని గుహ అనే అర్థమున్న ‘గవి’తో కలిపి చదివేవారిని కూడా చూశాను, పాత మాటలను వదిలిపెట్టినందుకు జరిగే నష్టం ఇది.

తీర్పు విషయంలో నేను కొంత వెనకాడుతున్నాను. ఆదికాండమును వివరించేటప్పుడు తారుమారు అనే అర్థాన్నే చెప్పండి, అక్కడ కథ నిలిచేది దానిమీదనే. చరిత్ర రాసేటప్పుడు దేవుని గవిని అనండి. కాని 1955లో గెల్బ్ అనే పండితుడు, ఊరి తొలి పేరు అర్థం తెలియని ‘బాబిల్’ వంటి మాట అనీ, అక్కాదువారు దానిని తమ భాషలోకి ఒదిగించుకొని దేవుని గవినిగా చేసుకున్నారనీ వాదించాడు. చాలామంది ఆ వాదాన్ని ఆదరించారు. అదే నిజమైతే హీబ్రూవారి నిర్వచనమూ ఊరివారి నిర్వచనమూ ఒకే తీరువి. కనుక ‘దీని అర్థం ఇది’ అనడంకన్న ‘ఆ ఊరివారు ఇలా అర్థం చెప్పుకున్నారు’ అని రాయడం క్షేమం.