గ్రైనేజీలో చేరిన పాపకు, ఆడ మగ ప్యూపాల గురించి

చిరంజీవి పాపకు,

పెద్దమ్మ ఆశీస్సులు. పట్టుపురుగు గుడ్లు తయారుచేసే గ్రైనేజీలో నీకు సెక్స్ సెపరేషన్ గది, అంటే గూడులోని ప్యూపాలను ఆడ మగ వేరుచేసే గది, అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విని చాలా సంతోషపడ్డాను. నువ్వు కాస్త టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. పడాల్సిన పనే. ఆ గదిలో కూర్చుని ఇది ఆడ, ఇది మగ అని తేల్చేవాళ్ల మీదే రైతు ఇంట్లో పంట ఆధారపడి ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు చేతి పని. గూడు కోసేటప్పుడు తొందరపడొద్దు. పురుగు గూడు కట్టడం అయ్యాక లోపల ప్యూపాగా మారి, దాని చర్మం గట్టిపడి గోధుమరంగుకు తిరిగేదాకా ఆగాలి. పచ్చిగా, మెత్తగా ఉన్నప్పుడు కోస్తే చేతిలోనే చితికిపోతుంది. గూడు ఒక కొన దగ్గర బ్లేడుతో సన్నగా కోసి, ప్యూపాను అరచేతిలోకి జారనివ్వు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పొట్ట పైకి వచ్చేలా పట్టుకో. వెలుగు పక్కనుంచి పడాలి. నెత్తి మీద లైటు ఉంటే మెరుపు తప్ప ఏమీ కనపడదు. ఇప్పుడు తోక వైపు ఖండాలు, అంటే ఒంటి మీది వలయాలు, చూడు. ఆడదైతే ఎనిమిదో ఖండం నడిమధ్యన సన్నని గీత ఉంటుంది. అది పై అంచునూ కింది అంచునూ లాగి ముడేసినట్టు చేస్తుంది కాబట్టి ఇంటూ గుర్తులా కనిపిస్తుంది. మగదైతే ఎనిమిదో ఖండం నున్నగా ఉండి, తొమ్మిదో ఖండం మధ్యలో చిన్న చుక్క ఉంటుంది. అంతే. ఇంకే గుర్తూ నమ్మొద్దు.

"పెద్దది ఆడ, చిన్నది మగ" అని నీకు చాలామంది చెబుతారు. సాధారణంగా ఆడ ప్యూపా బరువుగా, పొట్ట వెడల్పుగా ఉండే మాట నిజమే. కానీ ఆకు బాగా తిన్న మగది, సరిగ్గా తినని ఆడదానికంటే బరువు తూగుతుంది. ఎండాకాలం లాట్‌లో, ఆకు తక్కువైన లాట్‌లో ఈ తేడా ఇంకా చెరిగిపోతుంది. సైజు మేతను బట్టి మారుతుంది, గుర్తు మారదు. ఎందుకు మారదో తెలిస్తే నీ కన్ను దానంతట అదే గుర్తు మీదికి పోతుంది. అందుకే లోపల సంగతి కొంచెం రాస్తాను. ఓపిగ్గా చదువు.

మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ తేలుస్తుంది. పట్టుపురుగులో తేల్చేది తల్లి. పట్టుపురుగుకు 28 జతల క్రోమోజోములు. అందులో ఒక జత మగదానికి జెడ్, జెడ్. ఆడదానికి జెడ్, డబ్ల్యు. తల్లి గుడ్డులోకి డబ్ల్యు పోతే ఆడ, జెడ్ పోతే మగ. జెడ్‌లు ఎన్ని ఉన్నా సరే, ఒక్క డబ్ల్యు ఉంటే చాలు ఆడదే అవుతుందని 1933లోనే జపాన్‌లో హషిమోటో అనే శాస్త్రవేత్త తేల్చాడు. పురుగులన్నిటికీ ఇదే లెక్క అనుకోవద్దు. పండ్ల ఈగలో ఎక్స్‌ల సంఖ్యను బట్టి తేలుతుంది, తేనెటీగల్లో ఫలదీకరణ కాని గుడ్డు మగదవుతుంది.

డబ్ల్యులో ఉన్న ఆ శక్తి ఏమిటో మాత్రం చాలా ఏళ్లు తెలియలేదు. ప్రోటీన్ తయారుచేసే జన్యువు ఎంత వెతికినా దాని మీద దొరకలేదు. 2014లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు అసలు సంగతి కనిపెట్టారు. డబ్ల్యు నుంచి వచ్చేది ప్రోటీన్ కాదు, దాదాపు 30 జన్యు అక్షరాల చిట్టి ఆర్ఎన్ఏ (డీఎన్ఏ నుంచి తయారయ్యే నకలు) ముక్క. దానికి ఫెమ్ అని పేరు పెట్టారు. జెడ్ మీద మాస్క్ అనే జన్యువు ఉంది, అది పురుగును మగదారి పట్టిస్తుంది. ఫెమ్ చేసే పనల్లా ఆ మాస్క్ ఆర్ఎన్ఏను ముక్కలయ్యేలా చేయడం. మాస్క్ పోతే పురుగు ఆడదారిలో పోతుంది. వాళ్లు ఆడ పిండాల్లో ఫెమ్‌ను ఆపి చూస్తే లోపల మగ తీరు మొదలైంది. మాస్క్‌ను ఆపితే మగ పిండాలు గుడ్డులోనే చచ్చిపోయాయి. మగదానికి జెడ్‌లు రెండు కదా, ఆ రెండూ కలిసి అతిగా పనిచేయకుండా అదుపులో పెట్టేది కూడా మాస్కే. ఇంత పెద్ద నిర్ణయం అంత చిన్న ముక్క చేతిలో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ నిర్ణయం ఒంట్లోకి దిగేది డబుల్‌సెక్స్ అనే జన్యువు ద్వారా. ఈ జన్యువు ఆడదానిలోనూ మగదానిలోనూ ఒకటే. దాన్నుంచి వచ్చే ఆర్ఎన్ఏను కత్తిరించి అతికించే తీరులోనే తేడా. ఆడదానిలో మధ్యనున్న రెండు ముక్కలు అలాగే ఉండిపోతాయి, మగదానిలో కణం వాటిని తీసేసి మిగతాది అతికిస్తుంది. దాంతో రెండు వేర్వేరు ప్రోటీన్లు తయారవుతాయి. ఆడ ప్రోటీన్ గుడ్డు సొన తయారీకి తోడ్పడుతుంది, మగ ప్రోటీన్ మగ అవయవాల వైపు నడుపుతుంది. మన హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు గారి బృందం టసర్, మూగా పట్టుపురుగుల్లో కూడా ఇదే జన్యువును పరిశీలించి, ఆడవాటిలో రెండు రకాల ఆడ ప్రోటీన్లు తయారవుతాయని చూపించింది.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న ప్యూపా దగ్గరికి రా. ఎనిమిదో ఖండం మీది గీత, ఆడ అవయవాలు తయారైన చోటు. తొమ్మిదో ఖండం మీది చుక్క, మగ అవయవం తయారైన చోటు. డబుల్‌సెక్స్ కట్టిన దాని జాడే నువ్వు చూసే గుర్తు. ఆకు తక్కువైనా, ఎండ ఎక్కువైనా అది చోటు మారదు. గూడు కట్టే ముందున్న ఐదో దశ పురుగులో కూడా ఇదే చోట కింది వైపు చూస్తే, ఆడదానికి ఎనిమిది, తొమ్మిది ఖండాల మీద రెండు జతల పాలచుక్కలు కనిపిస్తాయి. వీలైతే ఆ దశలోనే చూడడం అలవాటు చేసుకో, ప్యూపా దగ్గర కన్ను తడబడదు.

తప్పు జరిగితే ఏమవుతుందో కూడా తెలియాలి. మీ గ్రైనేజీలో ప్యూర్ మైసూర్ జాతి ఆడ, సీఎస్ఆర్2 జాతి మగ కలిపి గుడ్లు తీస్తారు కదా. తల్లి వైపు నుంచి మన ఎండలకు తట్టుకునే గట్టిదనం, తండ్రి వైపు నుంచి పట్టు. ప్యూర్ మైసూర్ ఆడ ట్రేలో ఒక్క మగది కలిసినా, అది తెల్లవారుజామునే మాత్‌గా, అంటే రెక్కల పురుగుగా, బయటికొచ్చి నువ్వు రాకముందే పక్కదానితో జతకడుతుంది. ఆ గుడ్లు హైబ్రిడ్ కావు. అవి రైతు దగ్గరికి పోతే గూడు కట్టించే చంద్రిక తట్టల్లో కొన్ని పురుగులు ముందు పండి గూడుకు సిద్ధమవుతాయి, కొన్ని వెనక పండుతాయి. గూళ్లు పలచన. హిందూపురం మార్కెట్‌లో ఆ లాట్ చూసినవాడు రేటు తగ్గిస్తాడు, రైతుకు కారణం తెలియదు. కాబట్టి అనుమానం వచ్చిన ప్యూపాను ఎటు వైపూ వేయకు. మూడో ట్రే పెట్టుకుని అందులో వెయ్యి, తర్వాత భూతద్దంతో చూడు.

ఆడ మగ జాతులు తారుమారు చేసి సీఎస్ఆర్2 ఆడ, ప్యూర్ మైసూర్ మగ వాడితే ఏం పోతుందని ఎవరైనా అడుగుతారు. పోతుంది. ఆడ పిల్లకు జెడ్ ఒక్కటే, అది తండ్రిదే. పురుగు తొందరగా పండాలా ఆలస్యంగా పండాలా అన్నదాంట్లో జెడ్ మీది జన్యువుల పాత్ర ఉంది. తల్లీ తండ్రీ మారితే ఆడపిల్లల తీరు మారిపోతుంది.

ఎప్పుడైనా ఒక వైపు మగదానిలా, ఇంకో వైపు ఆడదానిలా ఉండే మాత్ కనిపిస్తే భయపడకు. పురుగుల్లో ఆడతనం, మగతనం చాలావరకు ఒక్కో కణం తనకు తానే తేల్చుకుంటుంది. అందుకే ఒకే ఒంట్లో రెండూ ఉండగలవు. దాన్ని చూసి ఆనందించు, కానీ జతకట్టించకు.

జపాన్‌లో 1940ల్లో తజిమా అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేతో ఒంటి మీద మచ్చలు తెచ్చే జన్యువున్న ముక్కను డబ్ల్యుకు అతికించి, ఆడ పురుగులకే మచ్చలు వచ్చే జాతులు తయారుచేశాడు. అలాంటి జాతి నీ దగ్గరికొస్తే పని తేలికవుతుంది. అప్పుడు కూడా ప్యూపా గుర్తు చూడడం మానకు.

ఇంకొక్కటి. మొదటి లాట్ మాత్‌లు బయటికొచ్చే రోజు చీకటితోనే గదికి చేరుకో. ఆడ ట్రేలో రెక్కలు టపటపలాడిస్తూ తిరిగేది మగదే. ఆడది పొట్ట బరువుతో ఒకచోటే కూర్చుని, తోక చివర పసుపు గ్రంథులు బయటపెట్టి వాసన వదులుతుంది. ఆ వాసనను మగది పసిగట్టే గ్రాహకపు జన్యువు కూడా జెడ్ మీదే ఉంది. ఆడ ట్రేలో దొరికిన ప్రతి మగదాన్నీ జతకట్టక ముందే తీసేసి, ఏ టేబుల్ నుంచి వచ్చిన ట్రేనో, ఎన్ని దొరికాయో పుస్తకంలో రాసుకో. అప్పటికే జతకట్టినవి ఉంటే ఆ ఆడ మాత్‌లను గుడ్లకు వాడకుండా పక్కన పెట్టెయ్. మర్నాడు ఆ టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి పక్కన నువ్వే కూర్చుని, ఆమె ప్యూపాను ఎలా పట్టుకుంటుందో, లైటు ఎటు నుంచి పడుతోందో చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ