లాలాజలం టెస్టులో హెచ్‌పీవీ 16 పాజిటివ్ వచ్చింది, క్యాన్సర్ వస్తుందా? ఇంట్లో ఎలా చెప్పాలి?

మీరు రాసింది చదివాక జవాబు ఇవ్వకుండా ఉండలేకపోయాను. న్యూజెర్సీలో పళ్ల డాక్టర్ దగ్గర చేయించుకున్న లాలాజలం టెస్టులో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16వ రకం పాజిటివ్ వచ్చింది, ఒంట్లో ఏ బాధా లేదు, సిగరెట్టు అలవాటు కూడా లేదు, భార్యకి చెప్పలేక వారంగా నిద్ర పట్టడం లేదు అన్నారు. 2019లో డాలస్‌లో నాకూ అచ్చం ఇదే జరిగింది.

పళ్లు క్లీనింగ్‌కి వెళ్తే ఈ టెస్టు కూడా చేయించుకోండి, మంచిది అన్నారు. చిన్న కప్పులో ద్రవం ఇచ్చి, అర నిమిషం గొంతు దాకా పుక్కిలించి ట్యూబులో ఉమ్మమన్నారు. తర్వాత మెయిల్లో రిపోర్టు వచ్చింది, పాజిటివ్, కింద హై రిస్క్ అని. ఫోన్ చేస్తే స్పెషలిస్టుని కలవండి అన్నారే తప్ప ఇంకొక్క ముక్క చెప్పలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి కారు అరలో తొమ్మిది రోజులు దాచాను. నేనే తప్పూ చేయలేదు కదా, మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆ తొమ్మిది రోజుల్లో మా ఆవిడ మీద అనుమానం కూడా వచ్చింది. మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే, ఆ దారిలో వెళ్లకండి. ఇది ఎక్కువగా నోటితో చేసే శృంగారం వల్ల అంటుకుంటుంది, నిజమే, కానీ ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ టెస్టూ చెప్పలేదు, పెళ్లికి ముందుదైనా కావచ్చు. కంచం, గ్లాసు పంచుకుంటే వచ్చేది కాదు కాబట్టి పిల్లల గురించి టెన్షన్ వద్దు.

ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూసి, గ్లవ్స్ వేసుకుని టాన్సిళ్లని, నాలుక మొదలుని వేలితో తడిమి, మెడ రెండు వైపులా నొక్కి చూసింది. ఆ రోజు మీ నోట్లో వైరస్ ఉందని మాత్రమే ఈ కాగితం చెబుతుంది, క్యాన్సర్ ఉందనీ కాదు, వస్తుందనీ కాదు అంది. అమెరికాలో 2009-10 ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో ఐదున్నర వేల మందికి పైగా ఇలాగే పుక్కిలింపజేసి చూస్తే, 100 మందిలో దాదాపు 7 మందికి నోట్లో ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉంది, మగవాళ్లలో అయితే 10 మందికి. మీకు వచ్చిన టైప్ 16 ఉన్నది 100లో ఒక్కరికి. వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ 16 వల్లే, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోమనను. కానీ చాలామందిలో ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది, ఎవరో కొద్దిమందిలో అది టాన్సిల్ లోపలి సందుల్లో ఉండిపోయి, ఏళ్లకేళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారుతుంది. వైరస్‌కి మందు లేదు. మళ్లీ టెస్టు కూడా అక్కర్లేదంది, నేను చేయించుకోలేదు.

మెడలో నొప్పి లేని గడ్డ రెండు మూడు వారాలకీ తగ్గకపోయినా, ఒకవైపు టాన్సిల్ పెద్దదైనా, మింగుతుంటే పట్టేసినట్టున్నా, ఒక చెవిలోనే నొప్పి వస్తున్నా వెంటనే వెళ్లాలి.

పొగాకు లేదన్నారు, అది చాలా మేలు. మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు, అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నోరు తెరిస్తే అంగిలంతా తెల్లగా పాలిపోయి మధ్య మధ్య ఎర్ర చుక్కలు కనిపించేవి. మన దేశంలో నోటి క్యాన్సర్‌కి అసలు కారణం ఇప్పటికీ పొగాకు, గుట్కా, వక్కే.

హెచ్‌పీవీ టీకా అప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ని పోగొట్టదు గానీ కొత్తగా రాకుండా ఆపుతుంది. మా అబ్బాయికి పదకొండో ఏట రెండు డోసులు వేయించాం, ఇది ఆడపిల్లలకి మాత్రమే అనుకోకండి.

పదో రోజు రాత్రి ఆ కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మా ఆవిడ రెండుసార్లు చదివి, "గడ్డ ఏమైనా తగులుతోందా?" అంటూ తనే నా మెడ తడిమి చూసింది. మీరు ఈ రాత్రే చూపించండి, ఈఎన్‌టీ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.