అటకెక్కించిన ఆ ఫైలు కిందికి దింపు

చి. ల. సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

రొమ్ము క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ రెండూ అయిపోయాయని ఫైలు అటక మీద పెట్టేశావట. ముందు దాన్ని దింపు. అందులో రెండు అంకెలు వెతికి, ఒక అట్టముక్క మీద రాసి పర్సులో పెట్టుకో. ఒకటి, ఎర్ర మందు డాక్సోరూబిసిన్ మొత్తం ఎంత ఎక్కించారో. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లంటే 240. 250కి చేరితే గుండెకు ముప్పు ఎక్కువని లెక్క. నీకు ఎడమవైపు రేడియేషన్ కూడా పడింది కాబట్టి అంతకు తక్కువైనా తేలిగ్గా తీసుకోకు. రెండోది, రేడియేషన్ ఎన్ని గ్రేలు (రేడియేషన్‌ని కొలిచే లెక్క అది) ఇచ్చారో. గుండెకు మందు దెబ్బ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది. రేడియేషన్ దెబ్బ పదేళ్ళు ఆగి కూడా బయటపడొచ్చు. అప్పటికి డాక్టరూ మారతారు, నీకూ గుర్తుండదు.

ఆయాసం లేకపోయినా ఏడాదిలోపు ఎకో, అంటే గుండె స్కాను, తీయించుకో, పాతది తీయించిన చోటే. యంత్రం మారినా, తీసే మనిషి మారినా ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో చెప్పే అంకె) కొన్ని అంకెలు అటూఇటూ అవుతుంది, ఊరికే కంగారు. పాతదానికంటే పది తగ్గి 50 దిగువకు వచ్చిందంటే మాత్రం వెంటనే గుండె డాక్టరుకి చూపించాలి. తొందరగా పట్టుకుంటే మాత్రలతో చాలావరకు తేరుకుంటుంది.

బీపీ ఇంట్లోనే చూసుకో, చంకలో లింఫు గడ్డలు తీయని కుడిచేతికి. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఆ బిగువు కింద పట్టీ కట్టేవాళ్ళే ఎక్కువ. అంకె తప్పొస్తుంది. వదులు నైటీ వేసుకుని చెయ్యి బయటికి తీసి కట్టు. కాఫీ తాగి అరగంట గడవాలి, బాత్రూముకి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. వారం రోజుల సగటు 135/85 దాటితే డాక్టరుకి చూపించు.

ఉప్పు రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా, ఐదు గ్రాములు. కూరలో తగ్గించి పెరుగన్నంలో ఆవకాయ బద్ద నంజుకుంటే తగ్గించిందంతా అక్కడికక్కడే సరి. వడియాలు, అప్పడాలు కూడా అంతే. చింతపండో నిమ్మరసమో కాస్త ఎక్కువేస్తే ఉప్పు తక్కువని నాలుకకి తెలీదు. బజార్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని బీపీ మాత్రలతో అది ప్రమాదం, అడక్కుండా వాడకు.

నీరసమని రోజంతా పడుకుంటే నీరసం పెరుగుతుందే గాని తగ్గదు. పూటకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, మెల్లగా వారానికి 150 నిమిషాలకు తీసుకురా. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట అందుకోలేకపోవాలి, ఆ వేగం చాలు. వారానికి రెండుసార్లు అరలీటరు నీళ్ళ సీసాలతో చేతుల వ్యాయామం. ఎడమచెయ్యి బరువెక్కినా వాచినా ఆపి చూపించు.

మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడినా, పడుకుంటే ఆయాసం వచ్చి ఒక్క దిండు చాలక రెండోది కావాలనిపించినా, ఆ రోజే ఫోన్ చెయ్యి. ఛాతీలో బరువు, దవడ లాగడం, పొట్ట పైభాగాన నొప్పి, చెమటలు వస్తే గ్యాసనుకుని సోడా తాగి పడుకోకు. 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్ళ చేతికి ఆ అట్టముక్క ఇవ్వు.

పెద్దమ్మ