హెడ్‌ఫోన్స్ కొనేముందు ఒకసారి ఇది చదువు తల్లీ

తల్లీ,

ఫోన్‌కీ టాబ్లెట్‌కీ కలిపి ఒకటే హెడ్‌ఫోన్స్ కొంటా, ఏ కంపెనీ మంచిది మామయ్యా అని అడిగావు కదా. కంపెనీ సంగతి తర్వాత, ముందు ఆ రెండింటికీ అడుగున ఏ రంధ్రం ఉందో చూడు. 2016లో ఐఫోన్ 7 నుంచి గుండ్రటి 3.5 ఎంఎం జాక్ తీసేశారు, ఆ తర్వాత మిగతా కంపెనీలూ మెల్లగా అదే దారి పట్టాయి, 2023లో ఐఫోన్ 15తో లైట్నింగ్ అనే ఆపిల్ సొంత పోర్టు కూడా పోయి టైప్ సి వచ్చింది. రెండింటికీ టైప్ సి ఉంటే గొడవే లేదు, ఒకదానికి జాక్ ఇంకోదానికి టైప్ సి ఉంటే మాత్రం 3.5 వైరుది కొనుక్కుని ఒక అడాప్టర్ పెట్టుకో. అడాప్టర్ కొనేటప్పుడు లోపల డాక్ చిప్ (డిజిటల్ సిగ్నల్‌ని సౌండ్ సిగ్నల్‌గా మార్చేది) ఉందా అని అడుగు, అది లేనివి కొన్ని ఫోన్లలో పెడితే అసలు సౌండే రాదు. పెద్ద స్టూడియో హెడ్‌ఫోన్స్ జోలికి పోకు, 250 ఓమ్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్స్ ఇచ్చే అడ్డు లెక్క) అని రాసుండేవాటికి ఫోన్ ఇచ్చే పవర్ చాలదు, వాల్యూమ్ మొత్తం పెట్టినా సన్నగా వినిపిస్తాయి. 16 నుంచి 32 ఓమ్స్ మధ్యవి చూసుకో చాలు.

బ్లూటూత్ కావాలంటే మల్టీపాయింట్ ఉందో లేదో చూడు. అదుంటే టాబ్లెట్‌లో క్లాస్ వింటుంటే ఫోన్ మోగినా మళ్లీ కనెక్ట్ చేసే పని ఉండదు. డబ్బా మీద ఎల్‌డాక్ 990 కేబీపీఎస్ అని పెద్దక్షరాలతో రాస్తారు, బ్లూటూత్‌లో సౌండ్‌ని ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి అది, ఫోన్ కూడా సపోర్ట్ చేస్తేనే పనికొస్తుంది, ఐఫోన్ ఐప్యాడ్‌లలో అది లేదు, దానికోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. ఇంకోటి, చాలా బ్లూటూత్ సెట్లలో మైక్ ఆన్ అవ్వగానే మనకి వినిపించే సౌండ్ కూడా పలచబడిపోతుంది, నువ్వు రోజూ గంటలకొద్దీ కాల్స్ మాట్లాడతావు కాబట్టి నేనైతే వైరుదే కొనమంటా. చార్జింగ్ అయిపోతుందన్న బెంగ కూడా ఉండదు. చిన్న ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసపడుతుంది, చాలావాటిల్లో మార్చడం కుదరదు.

చెవిలో పెట్టుకునేవైతే రబ్బరు టిప్స్ అన్ని సైజులూ పెట్టి చూడు, సరిగ్గా పట్టకపోతే ఎంత ఖరీదైనదైనా బేస్ వినిపించదు, మనమేమో హెడ్‌ఫోన్స్ బాలేవు అనుకుంటాం. రెండు చెవులకీ వేరే వేరే సైజులు కావాల్సి రావచ్చు, నాకు అలాగే కావాలి.

ఇప్పుడు అసలు విషయం. నా ఎడమ చెవిలో గుయ్యిమనే మోత వస్తుంటుందని నీకు తెలుసుగా, అది వయసు వల్ల కాదమ్మా, ఏళ్ల తరబడి ప్రయాణాల్లో బయటి రొద వినపడకూడదని వాల్యూమ్ పెంచి పెంచి తెచ్చుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర 40 గంటలు వినొచ్చు, అదే 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే. పిల్లలకైతే 75 దగ్గర 40 గంటలు. నువ్వు టాబ్లెట్ తమ్ముడికి కూడా ఇస్తావు కాబట్టి సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ పెట్టి ఇవ్వు.

అందుకే డబ్బులు కాస్త మిగిలితే నాయిస్ క్యాన్సిలేషన్ మీద పెట్టు అంటాను, ఇంజన్ మోత ఫ్యాన్ మోత లాంటివి బాగా తగ్గిస్తుంది, దాంతో వాల్యూమ్ పెంచాలనిపించదు. పక్కవాళ్ల మాటలు మాత్రం అంతగా ఆపలేదు. రోడ్డు మీద నడిచేటప్పుడు అది ఆపేసెయ్, హారన్ వినపడాలి.

టాబ్లెట్ అడుగు భాగం, ఫోన్ అడుగు భాగం రెండూ ఫోటో తీసి పంపు, అప్పుడు మోడల్ చెప్తా. అప్పటిదాకా ఆఫర్ అయిపోతుందని తొందరపడి ఏదీ ఆర్డర్ పెట్టకు.

మామయ్య