చలికి వేళ్లు తెల్లబడుతున్నాయా? కోత మిషన్‌ను అనుమానించండి

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లుగా అశ్వారావుపేట చుట్టుపక్కల జామాయిల్ తోటల్లో చైను రంపం మిషన్‌తో చెట్లు కోస్తున్నాను. రెండు చలికాలాలుగా తెల్లవారుజామున బండి మీద పనికి వెళ్లేటప్పుడు ఎడమచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయి. అరగంటకు మంటపుట్టి మామూలవుతాయి. ఊళ్లో రక్తం తక్కువన్నారు. బలానికి ఇంజెక్షన్లు చేయించుకున్నా తగ్గలేదు. ఇది పక్షవాతానికి సూచనా?

జవాబు: పక్షవాతం గురించి భయపడకండి. అది హఠాత్తుగా వస్తుంది. ఒకవైపు చెయ్యి, కాలు పడిపోతాయి, మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది. ఇది రక్తహీనతలానూ లేదు. రక్తం తక్కువైతే రెండు అరచేతులూ, కనురెప్పల లోపలి భాగమూ పాలిపోతాయి గానీ, సున్నంలో ముంచి తీసినట్టు వేలు సగం దాకా తెల్లబడి అక్కడ గీత గీసినట్టు ఆగిపోదు. నా అనుమానం మీ చేతిలోని మిషన్ మీదే.

ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాల కొసలు దెబ్బతింటాయి. ఆ తర్వాత కొద్దిపాటి చలికే నాళాలు బిగుసుకుపోతాయి. ముందు పిడిని పట్టేది ఎడమచెయ్యి గనుక చాలామందికి అక్కడే మొదలవుతుంది. ఫిన్లాండ్‌లో అడవి కార్మికులను వరుసగా పరీక్షిస్తూ వచ్చిన వైద్యులు 1972లో వారిలో 40 శాతం మందికి ఈ తెల్లవేళ్ల జబ్బు ఉన్నట్టు గుర్తించారు. 1990 నాటికి అది 5 శాతానికి తగ్గింది. తగ్గించింది ఇంజెక్షన్లు కావు, అదురు తక్కువగా ఉండే తేలికైన మిషన్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో అదురు వల్ల వచ్చే జబ్బులూ ఉన్నాయి. కాబట్టి మేస్త్రీకి చెప్పడానికి మొహమాటపడకండి.

తెల్లబడటం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మొద్దుబారడం. ఇలాంటి పనే చేసే ఒకాయన నా దగ్గరికి వచ్చినప్పుడు చొక్కా గుండీ తీయడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి భార్య వైపు చూశాడు. ఆయన చూపుడువేలి మీద బీడీ కాలిన మచ్చ ఉంది. కాలుతున్నట్టు తెలియలేదట. గుండీ దొరకని చేతికి పిడి మీద పట్టు ఎలా నిలుస్తుంది? చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీ కొస దుంగకు తగిలి మిషన్ ఎదురుతన్నితే ముఖం మీదికో, మెడ మీదికో వస్తుంది. వేళ్లు మొద్దుబారి ఉన్నంతసేపు మిషన్ ముట్టుకోకండి. మంట కాచుకుని, స్పర్శ పూర్తిగా వచ్చాకే పని మొదలుపెట్టండి.

మిషన్‌ను కూడా రోగిని చూసినట్టే చూడాలి. చైను పదునుగా ఉంటే చెక్క పలుకులుగా రాలుతుంది. పిండిలా పొట్టు రాలుతుంటే మొద్దుబారినట్టు. అప్పుడు మీరు బలంగా అదమాలి, అదురంతా చేతికే ఎక్కుతుంది. ఆకురాయి దగ్గరే ఉంచుకోండి. పిడికీ ఇంజనుకీ మధ్య రబ్బరు బుష్‌లు పగిలి ఉంటే మార్పించండి. పిడిని జారనంత మేరకే పట్టుకోండి, నలిపేసేలా బిగించవద్దు. టన్ను లెక్కన కూలి కాబట్టి ఆపకుండా కోయాలనిపిస్తుంది, ఆ ఇబ్బంది నాకు తెలుసు. అయినా జట్టులో వంతులు వేసుకుని, కాసేపు మిషన్ పట్టాక కాసేపు కొమ్మలు నరకడం, దుంగలు పేర్చడం చేయండి. చెవులకు రక్షణ తప్పదు. ఈ మిషన్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

బండి మీద వెళ్లేటప్పుడు మందపాటి పొడి గ్లౌజులు వేసుకోండి, ఛాతీ కూడా వెచ్చగా ఉండాలి. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈరోజే మానేయండి. పొగాకు అవే నాళాలను ఇంకా బిగిస్తుంది. బీపీకి మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు డాక్టరుకు చెప్పండి, కొన్ని రకాలు ఈ సమస్యను పెంచుతాయి.

జిల్లా ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు, అవసరమైతే నరాల పరీక్ష చేస్తారు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అదీ చెప్పండి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. నాళాలను వదులుచేసే మాత్రలున్నాయి గానీ సొంతంగా కొనుక్కోవద్దు. తొలిదశలోనే అదురు తగ్గిస్తే చాలామందికి మెరుగవుతుంది. ఆలస్యమైతే స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వేలి కొసన పుండు పడినా, నల్లబడినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొక మాట. మీరు ఆసుపత్రికి చేరేసరికి వేళ్లు మామూలుగానే ఉంటాయి, డాక్టరుకు ఏమీ కనిపించదు. ఈసారి తెల్లబడగానే ఫోనులో ఫొటో తీసి వెంట తీసుకెళ్లండి.